అది మా అమ్మ గొంతు కాదు

నస్రత్‌కు ఏడో నెల రాగానే వేటపాలెం నుంచి వాళ్లమ్మ హయాత్‌బీ వచ్చి పిల్లను తీసుకుపోవాలి. తొలికాన్పు పుట్టింట్లో జరగాలని రెండు వైపులా అనుకున్నదే. హయాత్‌బీ అప్పటికే పాత చీరలన్నీ ఉతికి, పసిబిడ్డ కిందకు మెత్తగా ఉండే బొంతలు కుట్టి పెట్టింది. జీడిపప్పు కార్ఖానాలో పిక్కలు కొట్టే పని ఆమెది. ఏళ్ల తరబడి జీడి నూనె తగిలి ఆమె వేళ్లు బొగ్గుల్లా నల్లబడి ఉండేవి. ఆ ఏడు కరోనా వల్ల కార్ఖానా మూతపడింది. "మంచిదేలే నస్రూ, బిడ్డనెత్తుకునే టయానికి నా చేతులు కాస్త తెల్లబడతాయి" అని ఫోన్లో నవ్వింది. కూతుర్ని నస్రూ అని పిలిచే మనిషి ఈ లోకంలో ఆమె ఒక్కతే.

కానీ ఆమె రాలేకపోయింది. వేటపాలెం వైపు వీధులకు అడ్డంగా సర్వికర్రలు కట్టారు. ఒకసారి విప్పుతారు, మళ్లీ ఎవరికో పాజిటివ్ వస్తుంది, మళ్లీ కడతారు. అలా ఎండాకాలం గడిచి వానలు పడ్డాయి. నస్రత్ అత్తగారింట్లోనే ఉండిపోయింది.

అత్తగారి ఊరు చిలకలూరిపేట దాటాక హైవే దిగి లోపలికి వస్తే తగులుతుంది. మాదీ ఆ ఊరే. నస్రత్ మామగారు బుడాన్, పరుపులు కుట్టే మనిషి. ఇంటి ముందు రేకుల షెడ్డులో దూది ఏకే మిషను ఉంటుంది. అది తిరుగుతున్నంతసేపూ వీధంతా పొగమంచు పట్టినట్టు సన్నటి దూదిపీచు తేలుతూ ఉండేది. ఆ ఏడు పరుపు కుట్టించుకునేవాడు లేడు. మిషను ఆగిపోయింది. అయినా రేకుల సందుల్లో చిక్కుకున్న పాత పీచు ఏ చిన్న గాలికైనా లేచి, నెమ్మదిగా, ఎక్కడ వాలాలో తెలియనట్టు వాకిట్లో తిరుగుతుండేది. నస్రత్ గడప మీద కూర్చొని దాన్ని చూసేది.

ఈ కథలో సగం నస్రతే నాకు చెప్పింది. అది కూడా ఒక్కసారి కాదు, చేతిలో పనుంటేనే ఆమెకు మాట వస్తుంది. సూదిలో దారం ఎక్కిస్తూ ఒక ముక్క, దారం తెంపుతూ ఒక ముక్క. మిగతా సగం ఆమె అత్త నజీరా చెప్పింది. ఇద్దరూ చెప్పినవి కొన్నిచోట్ల కలవవు. కలవనిచోట నేను నస్రత్ మాటే తీసుకున్నాను. జరిగింది ఆమె లోపల కాబట్టి.

ఆగస్టులో నొప్పులు వచ్చాయి. ఆస్పత్రిలో చేర్చుకునేముందు ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేశారు. ఆడపిల్ల పుట్టింది. బిడ్డ ఏడుపు విన్నది కానీ ముఖం సరిగా చూడనేలేదు, పరీక్షలో పాజిటివ్ అని వచ్చింది. నస్రత్‌కు జ్వరం లేదు, దగ్గు లేదు. అయినా ఆమెను వేరే వార్డుకు మార్చి, బిడ్డను నజీరా చేతికిచ్చి ఇంటికి పంపేశారు.

ఆ వార్డులో గడిపిన రోజులు నస్రత్‌కు ఒక్కటే పెద్ద రోజులా గుర్తున్నాయి. తెల్లటి గోడలు. తలనుంచి కాళ్లదాకా తెల్లటి బట్టల్లో వచ్చి అన్నం పొట్లం పెట్టి పోయే మనుషులు. వాళ్లకు ముఖాలు లేవు. నడిస్తే ప్లాస్టిక్కు గరగరమనేది. వాళ్లలో ఎవరు ఆడో ఎవరు మగో తెలిసేది కాదు. పాలు వచ్చి రొమ్ములు గడ్డకట్టి, ఆ నొప్పికి ఒళ్లు కాలిపోయి, తర్వాత వాటంతటవే ఇంకిపోయాయి. కిటికీలోంచి ఒక వేపకొమ్మ కనిపించేది. దాన్ని చూస్తూ పడుకుంటే మంచం మెల్లగా తేలుతున్నట్టుండేదట.

"భయమేసిందా?" అని అడిగాను.

"లేదక్కా. అదే వింత. ఏమీ వెయ్యలా. నన్నెవరో కలగంటన్నట్టు, వాళ్లు లేస్తే నేనుండనట్టు ఉండేది."

నెగెటివ్ వచ్చాక ఇంటికి తెచ్చారు. భర్త కలీం లారీ డ్రైవరు. పేట మిల్లుల నుంచి దూది బేళ్లు కోయంబత్తూరుకు తోలతాడు. రాష్ట్రాలు దాటి తిరిగి వచ్చేవాడు కాబట్టి ఊళ్లో ఉన్నన్నాళ్లూ మాస్కు పెట్టుకొని షెడ్డులోనే పడుకునేవాడు. భార్యకు దూరంగా నిలబడి, "బాగున్నావా?" అనేవాడు. ఆమె తలూపేది.

నజీరా బాలింతకు చేయవలసినవన్నీ శ్రద్ధగా చేసింది. వేణ్నీళ్లు పోసింది. సాంబ్రాణి వేసింది. చలిగాలి సోకకుండా తలకు గుడ్డ చుట్టి, చెవుల్లో దూది పెట్టింది. దూదికి కరువు లేని ఇల్లు. నున్నగా ఏకిన దూది గట్టిగా దూర్చేసరికి ఇంట్లో మాటలన్నీ నీళ్లడుగు నుంచి వస్తున్నట్టు వినిపించేవి. వెల్లుల్లి కారంతో అన్నం కలిపి ముద్దలు పెట్టింది. బిడ్డను తెచ్చి ఒళ్లో పెట్టి, "ఇదిగో నీ కూతురు" అంది.

నస్రత్ చూసింది. ఎర్రటి ముఖం, మూసిన కళ్లు. బిడ్డ ఆమె ఒళ్లో గుక్కపట్టి ఏడ్చింది. నజీరా ఎత్తుకోగానే ఊరుకుంది. పుట్టినప్పటినుంచీ నజీరా వాసనే దానికి అలవాటు. అందులో వింతేమీ లేదు. కానీ నస్రత్ గుండెలో ఏదో ఒకటి చప్పుడు చేయకుండా పక్కకు జరిగింది.

బిడ్డకు యాస్మిన్ అని పేరు పెట్టారు. అందరూ ఆ పేరుతో పిలుస్తుంటే నస్రత్‌కు, ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చి ఆ ఇంటి పిల్ల పేరు తెలుసుకుంటున్నట్టుగా ఉండేది.

అమ్మతో ఫోన్లో మాట్లాడటమే ఆమెకు మిగిలింది. సాయంత్రం కాగానే మాట్లాడేవాళ్లు. చెవుల్లో దూది తీసేసి ఫోను ఆనించుకునేది. హయాత్‌బీ పెద్దగా ఏమీ చెప్పేది కాదు. ఏం తిన్నావు, నీళ్లెవరు పోశారు, నడుముకు గుడ్డ కట్టుకుంటన్నావా. ఆ మాటలు వింటుంటే నస్రత్‌కు కాసేపు ఒంట్లోకి తను తిరిగి వచ్చినట్టుండేది.

ఒకరోజు అమ్మ ఫోను ఎత్తలేదు. మర్నాడు తమ్ముడు అస్లాం ఎత్తి, అమ్మకు గొంతు పట్టేసిందన్నాడు. ఆ తర్వాత అమ్మ మాట్లాడింది.

"ఏం నస్రత్, బాగున్నావా? బిడ్డ బాగుందా?"

నస్రత్ ఫోను దూరంగా పెట్టి దానివైపు చూసింది. మళ్లీ చెవికి ఆనించుకుంది. గొంతు అమ్మ గొంతులాగే ఉంది. కానీ కాదు. నీటిలో కనిపించే ముఖం ముఖమే అయినా ముట్టుకుంటే చేతికి నీళ్లే తగిలినట్టు.

"అత్తా, అది మా అమ్మ గొంతు కాదు" అంది నజీరాతో.

"జలుబు చేసిందన్నారుగా తల్లీ. బాలింతరాలివి, నీకట్టా అనిపిస్తంది."

కలీంతో అంది. "నీకు నిద్ర సరిపోటంలా నస్రత్" అన్నాడతను ముఖం తిప్పుకొని.

అస్లాంతో అంది. "పిచ్చిపిచ్చిగా మాట్లాడమాకే" అని ఫోను పెట్టేశాడు.

నస్రత్ ఇక ఎవరితోనూ అనలేదు. లోపలే అనుకోసాగింది. ఆ ఆలోచన ఒక దారిని పట్టుకొని పోయింది. ఆ దారి తనకు ఎంతో తిన్నగా కనిపించింది. అమ్మ చనిపోయింది. నాకు చెప్పకుండా ఇంకెవరినో అమ్మలా మాట్లాడిస్తున్నారు. అమ్మనే మార్చినవాళ్లు బిడ్డను మార్చలేరా? ఆస్పత్రిలో నేను ముఖం చూడనేలేదు. ముఖాలు లేని మనుషులు దాన్ని ఎత్తుకుపోయారు. నా ఒళ్లో ఏడ్చే ఈ పిల్ల నాది ఎందుకవుతుంది?

నిద్ర పట్టడం మానేసింది. పడుకున్నా కళ్లు మూతలు పడేవి కావు. బొత్తిగా నిద్రలేని మనిషికి పగలే కలలా ఉంటుంది. గోడ మీద ఎండ పాకుతుంటే అది ఎవరో నడిచిపోతున్న నీడలా ఉండేది. వాకిట్లో దూదిపీచు లేచినప్పుడల్లా ఎవరో తన పేరు పిలిచి మధ్యలో ఆపేసినట్టుండేది. సగం పిలుపే. నస్... అని. తిరిగి చూస్తే ఎవరూ ఉండేవాళ్లు కారు. అన్నం ముందు పెడితే ముద్ద చేతిలో పట్టుకొని మరిచిపోయేది. కోడలికి గాలి సోకిందని నజీరా దర్గాకు పోయి తాయెత్తు తెచ్చి కట్టింది. బుడాన్ వాకిట్లో కూర్చొని గడ్డం నిమురుకునేవాడు.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం నజీరా అన్నం తిని నడుం వాల్చింది. నస్రత్ బిడ్డను గుడ్డలో చుట్టి ఎత్తుకొని బయటికి నడిచింది. చెప్పులు కూడా వేసుకోలేదు.

ఎక్కడికంటే వేటపాలేనికి. అమ్మ ఉంటే బిడ్డను ఒక్కసారి ఒళ్లోకి తీసుకొని చెబుతుంది, ఇది నీదో కాదో. అమ్మ లేకపోతే ఆ సంగతైనా తెలుస్తుంది. ఊరు దాటాక రోడ్డు పట్టలేదామె. సాగర్ కాలువ కట్ట ఎక్కింది. ఆ నడక మాత్రం ఆమెకు స్పష్టంగా గుర్తుంది. చెబుతున్నప్పుడు ఇప్పటికీ ఆమె కళ్లు దూరంగా పోతాయి.

"అంత అందంగా ఎప్పుడూ లేదక్కా మనూరు" అంది. కట్టకు ఒకపక్క కొత్తగా నాటిన మిరపమొక్కలు, లేత ఆకులు, ఎండకు మెరుస్తున్నాయి. ఇంకోపక్క పత్తి. తొలికాయలు పగిలి అక్కడక్కడ తెల్లగా విచ్చుకుంటున్నాయి. గాలికి చేను ఊగితే ఆ తెల్లదనమంతా తన వెంట నడుస్తున్నట్టుంది. మనుషులెవరూ కనిపించలేదు. కాలువ నిండుగా పారుతోంది. కాసేపటికి నీళ్లు నిలబడి ఉన్నట్టు, కట్టే తనను ఎత్తుకొని వెనక్కి పోతున్నట్టు అనిపించింది. కాళ్లకు ముళ్లు గుచ్చుకున్నా తెలియలేదు. బిడ్డ నిద్రపోతోంది. ఏదో ఒక చోట మెట్లున్నాయి, బట్టలుతికే మెట్లు. అక్కడ కూర్చుంది. ఈ నీళ్లు ఎటు పోతాయి, అని అనుకుంది. సముద్రం వైపు. వేటపాలెం కూడా సముద్రం పక్కనే. నడవడం ఎందుకు?

ఆ మాట దగ్గర నస్రత్ ఆగిపోతుంది. నేనూ అడగను.

పక్క చేలో వెంకటరావమ్మ పత్తి తీస్తోంది. మా ఊళ్లో అరెకరం చేసుకునే మనిషి, అరవై దాటినా చేను విడిచిపెట్టదు. కొంగు ఒడి కట్టుకొని తీసిన పత్తి అందులో వేసుకుంటూ తలెత్తి చూసింది. తలకు గుడ్డ చుట్టుకున్న బాలింత, చెప్పుల్లేని కాళ్లు, పసిబిడ్డ, నీళ్లకు మరీ దగ్గరగా ఉన్న మెట్టు. కేకెయ్యబోయి ఆగింది. చేనంతా వినపడేట్టు అరిచే మనిషి, ఆ రోజు నోరు నొక్కుకొని మెల్లగా కట్టెక్కింది. వచ్చి నస్రత్‌కు ఒక మెట్టు కిందగా, నీళ్లకూ ఆ పిల్లకూ మధ్యన కూర్చుంది.

"అబ్బ, నడుం లాగేస్తందమ్మా. నువ్వు బుడాన్ కోడలివి కదూ?"

"ఊఁ."

"ఎండలో ఎటు బయల్దేరావు తల్లీ?"

"వేటపాలెం పోతన్నా. ఈ నీళ్లు అటే పోతాయిగా పెద్దమ్మా?"

ఆ మాటతో తనకు సంగతి అర్థమైపోయిందని వెంకటరావమ్మ తర్వాత నజీరాతో చెప్పిందట. అప్పుడు మాత్రం, "పోతాయేమోలే. నాకంత తెలవదు. నీ చేతులు నొప్పి పుట్టినట్టున్నాయి, బిడ్డనిట్టా పడుకోబెట్టు. ఒడి నిండా పత్తే, మెత్తగుంటది" అంది.

నస్రత్ ఒక్క క్షణం తటపటాయించి బిడ్డను ఆ ఒడిలో పెట్టింది. అప్పుడే తీసిన పత్తి, ఎండకు ఇంకా గోరువెచ్చగా ఉంది. బిడ్డ అందులో సగం మునిగి, పెదాలు కదిపి, మళ్లీ నిద్రపోయింది. వెంకటరావమ్మ ఒక చేత్తో బిడ్డను పట్టుకొని, రెండో చేత్తో నస్రత్ చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నట్టు తెలియకుండా పట్టుకుంది.

"అది నా బిడ్డ కాదు పెద్దమ్మా."

"ఆఁ?"

"మా అమ్మ చచ్చిపోయింది. వీళ్లు చెప్పటంలా. ఇంకెవరి చేతనో మాట్లాడిస్తన్నారు."

అవేం పాడుమాటలని ఇంకెవరైనా అనేవాళ్లు. వెంకటరావమ్మ మాత్రం, "నీకెట్టా తెలిసింది?" అని అడిగింది.

ఆ ప్రశ్న నస్రత్‌ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఆమె తిరిగి ఆ ముసలామె ముఖంలోకి చూసింది.

"మా అమ్మ నన్ను నస్రూ అంటది. ఈమె నస్రత్ అంటంది. మా అమ్మ నేనేం తిన్నానో ముందడిగిద్ది, ఆనక బిడ్డనడిగిద్ది. ఈమె ఎప్పుడూ బిడ్డనే అడుగుద్ది."

పొద్దు కాస్త వాలాక వెంకటరావమ్మ, "పోదాం పా, నేనూ వస్తా. కలీంని నేనడుగుతా" అంది. నస్రత్ లేచింది. బిడ్డను పత్తితో సహా ఒడిలోనే పెట్టుకొని, ఆ పిల్ల చెయ్యి వదలకుండా వెంకటరావమ్మ ఊళ్లోకి నడిచింది.

ఇంటి దగ్గర నజీరా వీధంతా వెతికి అప్పుడే వాకిట్లో కూలబడింది. కలీం బండి తాళాలు చేత పట్టుకొని బయల్దేరబోతున్నాడు. వెంకటరావమ్మ బిడ్డను నజీరా చేతికిచ్చి, కలీం ముందు నిలబడింది. ఈసారి గొంతు తగ్గించలేదు.

"ఒరేయ్ కలీమూ, నిజం చెప్పు. ఈ పిల్లతో ఫోన్లో మాట్లాడేది వాళ్లమ్మేనా?"

కలీం మాస్కు లోపల ఏదో గొణిగాడు.

"వినపళ్లా."

"కాదు పెద్దమ్మా" అన్నాడు. అని గోడకానుకొని కూర్చుండిపోయాడు.

హయాత్‌బీకి కరోనా సోకింది. ఊపిరి అందక ఒంగోలు ఆస్పత్రిలో చేర్చారు. ఆక్సిజన్ పెట్టారు. బాలింతకు ఈ మాట చెబితే తట్టుకోలేదని అస్లాం, కలీం అనుకొని, హయాత్‌బీ అక్క చేత మాట్లాడించారు. అక్కచెల్లెళ్లిద్దరి గొంతూ ఒకేలా ఉంటుంది. నజీరాకు తెలుసు, బుడాన్‌కు తెలుసు. ఇంట్లో తెలియనిది ఒక్క నస్రత్‌కే. కానీ తెలుసుకున్నదీ ఆమే.

"చచ్చిపోయిందా?" అంది నస్రత్.

"లేదు! అల్లా మీదొట్టు. బతికే ఉంది. నాల్రోజుల్నుంచి కాస్త తేలిగ్గా ఉందంట."

"చూపించు."

అస్లాంకు ఫోను చేశారు. ఆస్పత్రిలో అతనికి లోపలికి పోవడానికి లేదు. ఎవరినో బతిమాలి ఫోను లోపలికి పంపాడు. తెరమీద మంచం, గొట్టాలు, చిక్కిపోయిన ఒక ముఖం కనిపించాయి. ఆమె ముఖం మీది గొట్టాన్ని కొంచెం పక్కకు జరిపింది. మాటకంటే గాలే ఎక్కువ వచ్చింది.

"నస్రూ... తిన్నావా?"

కథ అక్కడితో బాగుపడి ఉండాలని నాకూ అనిపించింది. నస్రత్ తెరను దగ్గరకు తెచ్చుకొని ఆ మనిషి చేతులవైపు చూసింది. నెలల తరబడి పిక్క కొట్టని వేళ్లు. నలుపంతా ఊడిపోయి, పాలిపోయి, తెల్లగా ఉన్నాయి. "మా అమ్మ చేతులు నల్లగా ఉంటాయి" అని ఫోను పక్కన పెట్టేసింది. అప్పుడు అర్థమైంది ఇంట్లోవాళ్లకు. తాము దాచినది చెప్పేసినంత మాత్రాన తీరేది కాదిది. ఆ పిల్ల చాలా దూరం నడిచిపోయింది, నిజం కూడా అందనంత దూరం.

ఊళ్లో ఏఎన్ఎమ్ అఖిల. అప్పటిదాకా ఆమె వచ్చినప్పుడల్లా బిడ్డ బరువు చూసేది, టీకా వేసేది, గుమ్మంలోంచే అందరికీ జ్వరాలున్నాయా అని అడిగి పోయేది. ఆ సాయంత్రం వెంకటరావమ్మ పిలిస్తే వచ్చి లోపల మంచం మీద కూర్చుంది. చాలాసేపు నస్రత్‌తో మాట్లాడింది. బయటికి వచ్చి గుంటూరులో తనకు తెలిసిన మానసిక వైద్యురాలికి ఫోను చేసింది.

"రేపే తీసుకురమ్మంటన్నారు" అంది.

"పిచ్చాస్పత్రికా?" అని నజీరా గుండెలు బాదుకుంది. "నలుగురూ ఏమనుకుంటారు? గాలి సోకిందమ్మా దానికి. తాయెత్తు కట్టించా, తగ్గుద్ది."

"తాయెత్తు ఉండనీయండి నజీరమ్మగారూ, ఎవరు తియ్యమన్నారు? డాక్టరుకూ చూపిద్దాం. జ్వరమొస్తే చూపించరా? ఇదీ అంతే. బాలింతల్లో కొందరికి వస్తది. ఆలస్యం చేస్తే ప్రమాదం."

మాట తేల్చింది బుడానే. ఎన్నడూ నోరు విప్పనివాడు, "బండి మాట్లాడరా కలీం. మీ అమ్మ తోడొస్తది" అన్నాడు.

డాక్టరమ్మ మాస్కుకు పైన కనిపించే కళ్లతోనే నవ్వింది. నస్రత్ చెప్పిందంతా అడ్డు రాకుండా విని, "ఫోన్లో మీ అమ్మ కాదని నువ్వు పట్టుకున్నావు చూడు, అది నిజమేనమ్మా. వాళ్లు చెప్పకపోవడం పొరపాటు. కానీ నిద్రలేక, భయంతో, ఒంటరిగా ఉండి నీ మనసుకు జబ్బు చేసింది. అందుకే నిజమైనవి కూడా అబద్ధాల్లా కనిపిస్తున్నాయి. దీనికి మందుంది. నీ తప్పేం లేదు" అంది. ఆస్పత్రిలో ఉంచుకున్నారు. నజీరా పక్కనే ఉంది. మొదట మందులు నిద్రనే తెచ్చాయి. ఎంత నిద్రంటే, లేచినప్పుడు ఏ పూటో తెలియనంత. బిడ్డను ఊళ్లో వెంకటరావమ్మ, కలీం చూసుకున్నారు. కలీం లారీ వేరేవాడికి అప్పగించి, పాలు కలపడం నేర్చుకున్నాడు.

ఇంటికొచ్చాక ఒక్కసారిగా ఏమీ మారలేదు. నెమ్మదిగా గోడ మీది ఎండ ఎండగానే ఉండటం మొదలుపెట్టింది. పిలుపులు తగ్గాయి. ఏడుపు వచ్చింది. ఇన్నాళ్లూ రానిదంతా ఒకేసారి వచ్చినట్టు, కూర తరుగుతూ, బట్టలారేస్తూ ఏడ్చేది. నజీరా కంగారుపడితే అఖిల, "ఏడవనీయండి" అంది.

మిరపకాయలు కోతకొచ్చే రోజుల్లో హయాత్‌బీ వచ్చింది. కలీం వెళ్లి తీసుకొచ్చాడు. ఆటో దిగి నాలుగడుగులు వేసి ఆగింది, మళ్లీ నాలుగు వేసి ఆగింది. నస్రత్ గడపలో నిలబడి చూస్తోంది. హయాత్‌బీ దగ్గరకొచ్చి, ఆయాసం తగ్గేదాకా ఆగి, కూతురి తలమీది గుడ్డ సర్దింది. ఆమె గొంతు ఇక ఎప్పటికీ మునుపటిలా రాలేదు. బొంగురుగానే ఉండిపోయింది. నస్రత్ ఆమె భుజంలో ముఖం దాచుకొని వాసన చూసింది. పరీక్ష చేసినట్టు కాసేపు అలాగే ఉండి, తర్వాత గట్టిగా పట్టుకుంది.

తల్లీకూతుళ్లిద్దరూ రోగులే. ఒకరికి ఊపిరి చాలదు, ఒకరికి మందుల మత్తు. కళ్లంలో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉంటే, ఆ ఘాటుకు దగ్గొస్తుందని ఇద్దరూ వెనక వాకిట్లో కూర్చునేవాళ్లు. మధ్యలో బొంత మీద యాస్మిన్. "నాకు ముగ్గురు పసిబిడ్డలు" అని నజీరా విసుక్కుంటూ ముగ్గురికీ జావ కాచేది. విసుగులో ప్రేమ ఉండేదని చెప్పను. కొన్నిసార్లు ఉట్టి విసుగే. అయినా జావ మాత్రం వేళకు వచ్చేది.

యాస్మిన్ తనదే అని ఏ రోజు తెలిసిందో నస్రత్ చెప్పలేకపోయింది. ఒక పొద్దున బిడ్డకు ఎక్కిళ్లొస్తే నీళ్లు పట్టించి, వీపు నిమురుతూ తను నవ్వుతున్నట్టు గమనించిందట. అంతకుముందే ఎప్పుడో తెలిసి ఉండాలి అంటుంది. చీకట్లోంచి వెలుగు వచ్చేటప్పుడు ఏ క్షణాన తెల్లారిందో ఎవరు చెప్పగలరు?

మందులు చాలాకాలం వాడింది. మధ్యలో మానేస్తే మళ్లీ నిద్ర చెదిరింది. మళ్లీ మొదలుపెట్టింది. ఇప్పుడు డాక్టరమ్మే ఆపేసింది. మామతో కలిసి పరుపులు కుడుతుంది. ఊళ్లో ఏ ఇంట బాలింత ఉన్నా అఖిల నస్రత్‌ను వెంటబెట్టుకు పోతుంది. నస్రత్ అక్కడ సలహాలేమీ ఇవ్వదు. కాసేపు కూర్చొని బిడ్డను ఎత్తుకుంటుంది, ఆ తల్లి పడుకుంటుంది. రెండో బిడ్డ వద్దని తనూ కలీం కలిసే అనుకున్నారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో బాధ ఉంది, భయం లేదు.

ఒక్కటి మాత్రం తిరిగి రాలేదు. కూతురి మొదటి నెలలు. గుర్తు చేసుకోబోతే తెల్లటి పొగలాంటిదేదో తప్ప ఏమీ కనిపించదు.

మొన్న ఆదివారం నేను వెళ్లేసరికి యాస్మిన్ నజీరా ఒళ్లో తలపెట్టి పడుకొని ఉంది. బడికి పోతోందిప్పుడు. ప్రతిదీ అడుగుతుంది.

"నానమ్మా, నేను చిన్నప్పుడు ఫస్టు ఎవర్ని చూసి నవ్వా?"

"కోడిపుంజుని చూసి. అది గోడెక్కి కూసింది. నువ్వు కిందనుంచి దాన్ని చూసి బోసినోరంతా తెరిచావు. మీ తాత పడీపడీ నవ్వాడు."

"మరి అమ్మ? అమ్మ నవ్వలేదా?"

నజీరా చెయ్యి పిల్ల జుట్టులోనే ఉండిపోయింది. నస్రత్ కుడుతున్న పరుపు మీదనుంచి తలెత్తింది.

"నేను చూళ్లేదమ్మా" అంది మామూలుగా. "నాకప్పుడు మనసు బాగోక లోపల పడుకొని ఉన్నా."

"ఇప్పుడు బాగుందా?"

"బాగుంది."

యాస్మిన్ ఆ జవాబు ఒక క్షణం ఆలోచించి, సరేనన్నట్టు నానమ్మ వైపు తిరిగింది. "తర్వాతేమైంది? కోడిపుంజు కిందకొచ్చిందా?"

నజీరా చెప్పడం మొదలుపెట్టింది. నస్రత్ సూది పరుపులో గుచ్చి వదిలేసి, బాగా వినపడేలా వాళ్లకు దగ్గరగా జరిగి కూర్చుంది.